కుండ అడుగున నిన్నటి కల్లు

ఫిబ్రవరి 9, 2025

పోతుతాళ్లకి కుండలు కట్టేశారు. భోగాపురం నుంచి సముద్రం వైపు దారిలో, బాగా తెల్లారకముందే కల్లు గీసే తాత చెట్టు దిగాడు. మోకు విప్పి పక్కన పెట్టి, చిన్న కుండల్లోది పెద్ద కుండలోకి ఒంపుతున్నాడు. చిన్న కుండ అడుగున రవ్వంత తెల్లటి మడ్డి మిగిలింది. దాన్ని ఒంపలేదు, కడగలేదు. ఎందుకని అడిగితే, "కడిగీసినామంటే పొంగెక్కడ్నించి వస్తాది మాస్టారూ? నిన్నటిది రవ్వంత ఉండాల" అన్నాడు.

ఆ రవ్వంతలో ఈస్ట్ కణాలు కోట్లలో ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో రెండువందో వంతు. వాటికి కళ్లు లేవు, నాలుక లేదు, నరం లేదు. అయినా కుండలో చక్కెర ఎంత ఉందో, ఇంకా వస్తోందో, అడుగంటుతోందో ఎప్పటికప్పుడు తెలుసుకుంటూనే ఉంటాయి. తెలుసుకుని ఊరుకోవు, ఒంటిని మార్చుకుంటాయి. ఈ కల్లు గీత సాగినన్నాళ్లూ ఈ సంగతే రాసుకోవాలని ఉంది.

ఫిబ్రవరి 12

గెల కోత నుంచి చుక్కచుక్కగా కారేటప్పుడు అది ఇంకా కల్లు కాదు, నీరా అనే తీపి నీరే. లీటరుకి 100 గ్రాముల పైచిలుకు చక్కెర. అందులో చాలావరకు సుక్రోజ్, మనం టీలో వేసుకునేదే.

సుక్రోజ్ అణువు పెద్దది. ఈస్ట్ దాన్ని చాలావరకు గుమ్మం బయటే రెండు ముక్కలు చేస్తుంది. ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్‌ని తయారుచేసి కణం గోడ దగ్గరికి పంపుతుంది. అది సుక్రోజ్‌ని గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. బయట విరిచినది బయటే కరిగిపోతుంది గదా? 2009లో అమెరికాలోని ఎమ్‌ఐటీలో జెఫ్ గోర్, హ్యున్ యూక్, అలెగ్జాండర్ వాన్ ఔడెనార్డెన్ లెక్క కట్టారు. విరిచిన దాంట్లో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు ఇరుగుపొరుగుకే పోతుంది. విరిచిన కణానికి దక్కేది నూటికి ఒక పాలు. ఇన్వర్టేజ్ చేయకుండా పక్కవాళ్ల కష్టం మీద బతికే కణాలూ ఉంటాయి. కానీ అందరూ అలాగే కూర్చుంటే ఎవరికీ తిండి ఉండదు కనక, రెండు రకాలూ కలిసే బతుకుతాయి.

కణాలు పలచగా ఉంటే విరిచిన చక్కెర నీళ్లపాలే. మందంగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే ఒకటి విరిచింది మరొకటి తింటుంది. కుండ కడగకపోవడంలో ఈ లాభం కూడా ఉందని నాకనిపిస్తోంది. తాజా నీరా పడే వేళకే అడుగున గుంపు సిద్ధంగా ఉంటుంది.

ఫిబ్రవరి 17

ఇంతకీ కణం చక్కెరని ఎలా కనిపెడుతుంది? ఇవాళంతా ఇదే చదివాను.

ఈస్ట్ పైపొరలో చక్కెరని లోపలికి మోసే ప్రోటీన్లు ఒక కుటుంబమంత ఉన్నాయి. కొన్నింటికి పట్టు తక్కువ, మోత ఎక్కువ. చక్కెర దండిగా ఉన్నప్పుడు అవి పనికొస్తాయి. కొన్నింటికి పట్టు గట్టిది. చక్కెర అడుగంటినప్పుడు అవి ఏరుకొస్తాయి. రెంటి పట్టుకీ దాదాపు వంద రెట్లు తేడా.

ఏ పూటకి ఏ మోతగాడిని దింపాలో చెప్పే ప్రోటీన్లు మరో రెండున్నాయి: స్నిఫ్-3, ఆర్‌జీటీ-2. ఇవీ మోసేవాటిలాగే కనిపిస్తాయి గాని మోయవు. బయట గ్లూకోజ్ తగిలితే, కణం లోపలికి వేలాడే పొడవాటి తోక ద్వారా కబురు పంపుతాయి. స్నిఫ్-3 కొంచెం చక్కెరనే పసిగడుతుంది, ఆర్‌జీటీ-2 కి ఎక్కువ ఉండాలి. 1996లో సబిరె ఓజ్‌కాన్, మార్క్ జాన్‌స్టన్ బృందం చూపించింది నన్ను కాసేపు కదలనివ్వలేదు. ఈ ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, బయట చక్కెర చుక్క లేకపోయినా "ఉంది, ఉంది" అని కబురు పోతూనే ఉంటుంది. అంటే కణం తినడం వేరు, తెలుసుకోవడం వేరు. ఆ రెండు పనులకీ వేర్వేరు ప్రోటీన్లు పెట్టుకుంది.

జీపీఆర్-1 అని మూడోది ఒకటి ఉంది. మన కంటిలో వెలుతురుని, ముక్కులో వాసనని పట్టే ప్రోటీన్ల బంధువర్గానిదే. అది గ్లూకోజ్ కన్నా సుక్రోజ్‌ని ఇంకా పలచగా ఉండగానే గుర్తుపడుతుంది. తాటి నీరాలో ఉన్నది సుక్రోజే కదా. పళ్ల రసాల్లో, చెట్ల ఊటల్లో పెరిగిన జీవికి ఆ తెలివి వచ్చిందంటే వింత లేదు.

ఫిబ్రవరి 26, శివరాత్రి

ఇంట్లో ఉపవాసం. రేపు విడిచేటప్పుడు ముందు పలచటి జావ, ఆ తరవాతే అన్నం అని అమ్మ చెబుతుంది. ఆకలి మీదున్న ఈస్ట్ మీద ఒక్కసారిగా చక్కెర పోసినా ఇదే చిక్కు.

చక్కెరని కాల్చుకోవాలంటే ముందు కాస్త పెట్టుబడి పెట్టాలి. గ్లూకోజ్ లోపలికి రాగానే దానికి ఒక ఫాస్ఫేట్ తగిలించాలి, ఆ ఫాస్ఫేట్ కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి తీయాలి. ఇంకో మెట్టులో మరో ఏటీపీ. లాభం చివరి మెట్లలో వస్తుంది. చక్కెర వరదలా వచ్చిపడితే మొదటి మెట్లు పరుగు తీసి, ఉన్న ఏటీపీ అంతా అక్కడే ఖర్చయిపోతుంది. చివరి మెట్లు అందుకునేలోపు కణం ఖాళీ. చుట్టూ చక్కెర పెట్టుకుని ఆకలితో ఆగిపోతుంది.

దీనికి ఈస్ట్ దగ్గర విరుగుడుంది. ట్రెహలోజ్ అనే చక్కెరని తయారుచేసే దారిలో మధ్యన పుట్టే ఒక పదార్థం, మొదటి మెట్టు ఎంజైమ్‌కి కళ్లెం వేస్తుంది. ఆ దారి తెగిన ఈస్ట్‌ని గ్లూకోజ్‌లో వేస్తే పెరగలేదు. 2014లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఇంకో మాట బయటపెట్టారు. ఏ లోపమూ లేని మామూలు ఈస్ట్‌లో కూడా కొద్ది పాటి కణాలు ఈ మలుపులో చిక్కుకుపోతాయి. అన్నిటిలో అవే జన్యువులు, అదే చక్కెర. అయినా కొన్ని గట్టెక్కవు.

మార్చి 5

పొద్దుటి కల్లు, నిన్నటి కల్లు రెండు సీసాల్లో తెచ్చి కాలేజీ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద పెట్టాం. ఇంటర్ పిల్లలు చుట్టూ మూగారు. స్లైడు మీద చుక్క, దాని పక్కన మిథిలీన్ బ్లూ చుక్క. బతికున్న కణం ఆ రంగుని లోపల పోగొట్టి తెల్లగానే ఉంటుంది. చచ్చినది నీలంగా నిలిచిపోతుంది.

పొద్దుటి దాంట్లో కోడిగుడ్డు ఆకారం కణాలు, చాలావాటికి పక్కన బుడిపెలా మొగ్గ. కొన్నిచోట్ల తల్లికీ పిల్లకీ మధ్య సన్నని మెడ కూడా తెలుస్తోంది. వాటి మధ్య పుల్లల్లాంటి బ్యాక్టీరియా గిలగిల్లాడుతూ తిరుగుతోంది. కల్లు ఈస్ట్ ఒక్కదాని పని కాదు. లాక్టిక్, ఎసిటిక్ ఆమ్లాల బ్యాక్టీరియా, జైమోమోనాస్ అనే ఆల్కహాల్ చేసే బ్యాక్టీరియా కూడా ఉంటాయి. నిన్నటి దాంట్లో మొగ్గలు దాదాపు లేవు. కణాలు గుండ్రంగా, విడివిడిగా, గోడ దళసరిగా ఉన్నాయి. అక్కడక్కడ నీలం.

"ఇవి నిద్రపోతున్నాయా సార్?" అని ఒకమ్మాయి అడిగింది. అవునన్నాను. చక్కెర నిండుగా ఉంటే ఈస్ట్ గంటన్నరకొకసారి మొగ్గ తొడుగుతుంది. ఒక తల్లి కణం జీవితంలో సుమారు పాతిక మొగ్గలు. చక్కెర తగ్గుతోందని తెలిస్తే, మొగ్గ మొదలుపెట్టాలా వద్దా అన్న నిర్ణయం ముందే మారిపోతుంది. మొదలుపెట్టిన మొగ్గని మాత్రం చాలావరకు పూర్తిచేసి ఆగుతుంది. సగం చేసి వదలడం కన్నా అదే మేలు.

మార్చి 9

ఏటీపీ మాట వస్తే ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ఉండలేను. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తరవాత బోస్టన్ చేరారు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఏటీపీని కనిపెట్టారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనిపెట్టాడు. తాత కండరంలోనూ, అతని కుండలోని ఈస్ట్‌లోనూ ఆ ఒక్క నాణెమే చెల్లుతుంది.

ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఆ తరవాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ జబ్బుకి అది మందు. అంతకు ముందే లూసీ విల్స్ బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణుల రక్తహీనతని ఈస్ట్ సారంతో నయంచేసింది. ఈస్ట్‌లో ఉన్న ఆ మేలు చేసే వస్తువు ఫోలిక్ ఆమ్లమే అని తరవాత తెలిసింది. తెలుగు పాఠ్యపుస్తకంలో సుబ్బారావు గారికి రెండు వాక్యాలకి మించి చోటివ్వాలి. ఈ మాట నేను క్లాసులో ప్రతి ఏడూ అంటాను.

మార్చి 19

హైవే పక్క బేకరీ. ఎండు ఈస్ట్‌ని గోరువెచ్చని నీళ్లలో చిటికెడు పంచదారతో కలిపి పెట్టాడు కుర్రాడు. నురగ లేచాక మైదాలో పోసి పిసికాడు. ముద్ద మీద వేలితో నొక్కితే గుంట పడి మెల్లిగా పైకొచ్చింది.

"ఒక్కోపాలి ముందు బాగా లేస్తాది సార్, మద్దెలో ఆగిపోతాది, మల్లీ లేస్తాది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అతను చెప్పినదానికి 1941లో పారిస్‌లో జాక్ మొనో పరిశోధన వ్యాసమే ఉంది. ఆయన చూసింది బ్యాక్టీరియాలో. రెండు చక్కెరలు కలిపి పెడితే మొదట గ్లూకోజ్ తిని పెరుగుతుంది, కాసేపు ఆగుతుంది, తరవాత రెండోది తింటుంది. ఆ ఆగడంలోనే విషయముంది. రెండో చక్కెరకి కావలసిన ఎంజైములు అప్పటిదాకా తయారవలేదు, అప్పుడే మొదలవుతాయి.

మైదాలో విడి గ్లూకోజ్ తక్కువ. పిండిలోంచి వచ్చేది ఎక్కువగా మాల్టోజ్. గ్లూకోజ్ ఉన్నంతసేపు మాల్టోజ్ జన్యువులకి మూత ఉంటుంది. ఆ మూత పేరు మిగ్-1. గ్లూకోజ్ ఉంటే అది కేంద్రకంలో కూచుని జన్యువుల మీద చెయ్యి పెట్టి ఉంచుతుంది. తగ్గితే స్నిఫ్-1 అనే ఎంజైమ్ దానికి ఫాస్ఫేట్ తగిలించి బయటికి పంపేస్తుంది. దాంతో జన్యువులు తెరుచుకుంటాయి.

స్నిఫ్-1 ని 1981లో మేరియన్ కార్ల్‌సన్, డేవిడ్ బాట్‌స్టీన్ సుక్రోజ్ మీద బతకలేని ఈస్ట్‌లని ఏరుతూ పట్టుకున్నారు. మన కణాల్లో దీని సాటి ఎంజైమ్ ఏఎమ్‌పీకే. షుగర్ జబ్బుకి ఇంటింటా వేసుకుంటున్న మెట్‌ఫార్మిన్ మాత్ర పనిచేసే దారుల్లో అదొకటి. కణంలో శక్తి తగ్గిందని చాటే అధికారి మనలోనూ, ఈస్ట్‌లోనూ ఒక వంశం వాడే.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

పందిట్లో పానకం. మధ్యాహ్నం దాకా బిందెలో మిగిలింది కొంచెం పులిసింది. అందులో పడిందీ బెల్లమే, ఇంట్లో డబ్బాలో ఉన్నదీ బెల్లమే. డబ్బాలోది నెలల తరబడి ఉన్నా పులవదు. చక్కెర మరీ చిక్కనైతే కణంలోని నీటినే బయటికి లాగేస్తుంది. అలాంటప్పుడు ఈస్ట్ గ్లిసరాల్ తయారుచేసి లోపల నింపుకుని నిలదొక్కుకోవాలని చూస్తుంది. బెల్లం గడ్డలో అదీ చాలదు. నీళ్లు పోస్తేనే దానికి తిండి.

ఏప్రిల్ 14

ఇవాళ ఎక్కువ రాస్తాను. ఈ వ్యవహారమంతటిలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే.

ఒక గ్లూకోజ్ అణువుని ఆల్కహాల్ దారిలో తోస్తే ఈస్ట్‌కి దక్కేది రెండు ఏటీపీలు. ఆక్సిజన్‌తో పూర్తిగా కాలిస్తే పదిహేనుకి పైగా. ఆక్సిజన్ లేనప్పుడు మొదటి దారి పట్టిందంటే అర్థముంది. ఆక్సిజన్ తగిలితే పులియడం తగ్గుతుందని పాశ్చర్ 1861లోనే చెప్పాడు. కానీ చక్కెర మెండుగా ఉంటే, గాలి ఎంత ఉన్నా ఈస్ట్ ఆల్కహాలే చేస్తుంది. ఇలాంటి పోకడని క్యాన్సర్ కణాల్లో 1929లో గమనించిన ఇంగ్లీషు శాస్త్రవేత్త పేరుమీద దీన్ని క్రాబ్‌ట్రీ ప్రభావం అంటారు. ఏటీపీ బయటపడ్డదీ ఆ ఏడే.

ఎందుకింత దుబారా? ఆల్కహాల్ దారి వేగమైనది, దానికి కావలసిన ప్రోటీన్ల ఖర్చు తక్కువ, ఆ మిగులుతో కణం త్వరగా పిల్లల్ని పెడుతుంది అని ఒక వివరణ. ఆల్కహాల్ మిగతా సూక్ష్మజీవులకి విషం, చక్కెరని ముందుగా లాక్కుని పోటీదార్లని అణచివేసి, తరవాత ఆ ఆల్కహాల్‌నే తిండిగా వాడుకోవచ్చు అని రెండోది. రెండో మాట కథలా బాగుంటుంది. నాకు మాత్రం మొదటిదే బలంగా కనిపిస్తుంది. ఎందుకంటే అది ఒంటరి కణం విషయంలోనూ నిలుస్తుంది.

ఈస్ట్ చేసిన ఆల్కహాల్‌ని తిరిగి తింటుందన్నది మాత్రం కచ్చితం. ఆల్కహాల్ చేసే ఎంజైమ్ ఒకటి, దాన్ని తినేది ఇంకొకటి. రెండూ ఒకే పాత జన్యువు జంటగా విడిపోతే వచ్చినవి. 2005లో స్టీవెన్ బెన్నర్ బృందం, ఈనాటి జన్యువులని పోల్చి ఆ పాత ఎంజైమ్‌ని లెక్కగట్టి, ల్యాబ్‌లో మళ్లీ తయారుచేసి చూసింది. అది ఆల్కహాల్ చేయడానికి తగినదిగా ఉంది. తిని బతికే పని తరవాత వచ్చిందన్నమాట. వాళ్ల అంచనాలో ఆ విడిపోవడం సుమారు 8 కోట్ల ఏళ్ల కిందట, గుజ్జున్న పళ్లు భూమ్మీద పెరిగిన కాలంలో.

గ్లూకోజ్ అయిపోయి ఆల్కహాల్ మీదికి మళ్లే ఆ మలుపుని 1997లో స్టాన్‌ఫర్డ్‌లో జోసెఫ్ డిరిసి, విశ్వనాథ్ అయ్యర్, పాట్రిక్ బ్రౌన్ జన్యువు జన్యువునా కొలిచారు. ఆరువేల పైచిలుకు జన్యువుల్లో 1,700కి పైగా తమ పని రెట్టింపో, సగమో చేసుకున్నాయి. అంతకు ముందు ఏడాదే, 1996లో, ఈస్ట్ జన్యుపటం పూర్తయింది. కేంద్రకమున్న జీవుల్లో మొదటి పూర్తి పటం అదే.

బేకరీ ఈస్ట్ చేసే ఫ్యాక్టరీలు ఈ గుణాన్ని ఎరిగి నడుస్తాయి. వాళ్లకి ఆల్కహాల్ వద్దు, కణాలు కావాలి. అందుకని మొలాసిస్‌ని ఒకేసారి పోయరు. గాలి దండిగా ఊదుతూ, కొద్దికొద్దిగా పోస్తారు. చక్కెర ఎప్పుడూ తక్కువే ఉన్నట్టు కణానికి అనిపించాలి. సుమారు 1919లో డెన్మార్క్‌లో, జర్మనీలో మొదలైన పద్ధతి ఇది.

ఏప్రిల్ 22

కుండ మూతి దగ్గర కందిరీగలు. తాత చేత్తో తోలేస్తున్నాడు. గీత ఆగిన నెలల్లో ఈస్ట్ ఎక్కడుంటుంది? ఇటలీలో 2012లో వెలువడిన అధ్యయనం ఒకటుంది. కందిరీగల పేగుల్లో ఈస్ట్ చలికాలం దాటుతుంది, రాణి కందిరీగ తన లార్వాలకి తినిపించేటప్పుడు వాటికీ అందిస్తుంది. మన తాటితోపుల్లో ఇది ఎవరైనా వెతకాలి.

ఏప్రిల్ 29

నీరా కోసం వేరే కుండలు. లోపల సున్నం పూసినవి. ఇవి పొంగవు. సున్నం వల్ల నీరా క్షారమవుతుంది, కణం గోడ దగ్గరి ఇన్వర్టేజ్ పనిచేయదు, సుక్రోజ్ విరగదు, ఈస్ట్ పెరగదు. చక్కెర నిండా ఉన్నా దాని చేతికి అందదు. తాటిబెల్లం ఈ కుండ నుంచే వస్తుంది. తాత భార్య వేలితో సున్నం పూసి, ఆ పూత మందం చూపించింది: "పలసగుంటే పులిసిపోతాది బాబూ, దట్టంగుంటే నోరు పొక్కుతాది." ఆ కొలత ఆవిడ వేలికి తెలుసు.

మే 6

ఎండ మండిపోతోంది. మధ్యాహ్నానికే కల్లు పులిసి వాసన మారింది.

చక్కెర ఒక్కసారిగా పోతే ఈస్ట్ ఏం చేస్తుందో ల్యాబుల్లో చూశారు. ఒకటి రెండు నిమిషాల్లో కొత్త ప్రోటీన్ల తయారీ దాదాపు నిలిచిపోతుంది. తరవాత కణద్రవం ఆమ్లంగా మారి, పారే గుణం పోయి గడ్డకట్టినట్టవుతుంది. లోపలి వస్తువులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. మెల్లగా కరువొస్తే ఇంకా సిద్ధపడుతుంది: ట్రెహలోజ్, గ్లైకోజెన్ దాచుకుంటుంది, గోడ దళసరి చేసుకుంటుంది. ఆ మీదట రోజులూ వారాలూ ఉండగలదు. మళ్లీ చక్కెర తగిలితే నిమిషాల్లో దాచిన ట్రెహలోజ్‌ని కరిగించుకుని లేస్తుంది. పిల్లలు మార్చిలో చూసిన దళసరి కణాలు ఇవే.

మే 18

గీత చివరికొచ్చింది. తాత ఈసారి తక్కువ చెట్లే ఎక్కాడు. కొడుకులు విశాఖలో పనిచేస్తున్నారు, ఎక్కేవాళ్లు లేరు. ఊరవతల అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం పనులు రాత్రీ పగలూ సాగుతున్నాయి. 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. దాంతోపాటు రోడ్లు, వెంచర్లు. రావలసినవి వస్తాయి, వాటిని తప్పుపట్టను. కానీ లేఅవుట్ వేసిన చోట తాడి మొద్దులు ఇటుక బట్టీలకి పోవడం కళ్లారా చూస్తున్నాను. చెట్టు పోతే కుండ పోతుంది. కుండ పోతే, ఒక సీజను నుంచి ఇంకో సీజనుకి ఆ చేతులు దాటించుకుంటూ వచ్చిన ఈస్ట్ పోతుంది. సుక్రోజ్‌కి, ఎండకి, ఈ గాలికి అలవాటు పడ్డ ఈస్ట్ అది. ప్యాకెట్ ఈస్ట్ దానికి బదులు కాదు.

దాచుకోవడం కష్టమేమీ కాదు. చండీగఢ్‌లో 1986 నుంచి సూక్ష్మజీవుల జాతీయ భాండాగారం ఎమ్‌టీసీసీ ఉంది. శుద్ధిచేసి పంపిన రకాలని అక్కడ భద్రపరుస్తారు. విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ కాలేజీల్లో మైక్రోబయాలజీ చెప్పే అధ్యాపకులకి నా మనవి ఒక్కటే. వచ్చే గీతకి మీ విద్యార్థులని తాటితోపుల్లోకి తీసుకురండి. కుండ అడుగు మడ్డిని శుభ్రమైన గొట్టంలో తీయండి. ఊరు, చెట్టు, తేదీ, కుండ పాతదా కొత్తదా రాయండి. గీసేవాళ్ల అనుమతి అడగండి, వాళ్ల పేరు మీదే నమోదు చేయండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీలో కమిటీ ఉంటుంది, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉంటుంది. చదువరులు మీమీ ఊళ్లలో అడిగి, ఆ రిజిస్టర్‌లో తాడిచెట్టు పక్కనే కల్లుకుండ ఈస్ట్‌ని కూడా రాయించండి.